కెనడా చలికి రెండో జత చక్రాలు: దండగా? పెట్టుబడా?

(మా వాణిజ్య ప్రతినిధి)

గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేసే ఒక పెద్దమనిషికి మొన్న ఒక చిక్కు వచ్చి పడింది. ఆయన కుమార్తె కెనడాలోని మాంట్రియల్ నగరంలో రెండేళ్ళ చదువుకు వెళ్ళింది. సాయంత్రం పూట ఉద్యోగం ఊరి అవతల కావడంతో ఒక పాత టొయోటా కొరొల్లా కారు కొన్నది. ఇప్పుడు ఫోను చేసి "నాన్నా, కారుకు చక్రాలు కొనాలి. తొమ్మిది వందల డాలర్లు సర్దగలవా?" అని అడిగింది.

"చక్రాలు లేకుండానే కారు అమ్మారా అమ్మా నీకు?" అని ఆయన ప్రశ్న.

చక్రాలు వున్నవట. అవి వేసవి చక్రాలట. చలికాలానికి వేరే జత కావాలట. నలభై ఏళ్ళుగా టిక్కీల లెక్కలో బతికిన మనిషికి ఈ మాట మింగుడు పడలేదు. "ఇరవై ఏళ్ళుగా నా కారు ఎండకూ వానకూ ఒకే టైర్ల మీద తిరుగుతోంది. ఇది అవసరమా, లేక అక్కడి టైర్ల షాపుల వాళ్ళు పిల్లలకు అంటగట్టే సరుకా? మీరు బి.కాం. చదివారు, బజారు సంగతులు రాస్తారు. కాస్త లెక్క తేల్చి చెప్పండి" అని ఈ విలేఖరిని అడిగారు.

ఈ ప్రశ్న ఆయన ఒక్కరిది కాదు. గుంటూరు, విజయవాడ, హైదరాబాదు వర్తక కుటుంబాల పిల్లలు కెనడాలోను, అమెరికా ఉత్తర రాష్ట్రాలలోను, జర్మనీలోను ఎందరో వున్నారు. అక్టోబరు వచ్చేసరికి ఈ పద్దు చాలా ఇళ్ళకు వస్తుంది. కనుక సరుకు ఏమిటి, రకాలేమిటి, ధర ఎక్కడ పెట్టాలి, ఎక్కడ తగ్గించుకోవచ్చు అన్నది వివరంగా చూద్దాం.

చట్టం ఏమంటుంది?

ముందుగా తేల్చవలసినది: ఇది ఇష్టాయిష్టాల వ్యవహారం కాదు. మాంట్రియల్ వున్న క్విబెక్ రాష్ట్రంలో 2008 చలికాలం నుండి కార్లకు చలికాలపు టైర్లు తప్పనిసరి. మొదట గడువు డిసెంబరు 15 నుండి మార్చి 15 వరకు వుండేది. 2019 నుండి దానిని డిసెంబరు 1కి ముందుకు జరిపారు. అతిక్రమిస్తే 200 నుండి 300 డాలర్ల జరిమానా, దానిపైన ఖర్చులు అదనం. అంటే ఒకసారి పట్టుబడితే దాదాపు రెండు టైర్ల సొమ్ము గోవిందా అన్నమాట. ఈ చట్టం వచ్చాక చలికాలపు రోడ్డు ప్రమాదాలలో గాయపడేవారు 5 శాతం తగ్గారని, చావులు, తీవ్ర గాయాలు 3 శాతం తగ్గాయని క్విబెక్ ప్రభుత్వం 2011లో తేల్చింది.

మిగతా చోట్ల పద్ధతి వేరు. బ్రిటిష్ కొలంబియాలో కొండ మార్గాలకు అక్టోబరు 1 నుండి ఇటువంటి నిబంధన వున్నది. ఒంటారియోలో చట్టం బలవంతం చెయ్యదు. అయితే చలికాలపు టైర్లు వేసుకున్నవారికి బీమా ప్రీమియంలో తగ్గింపు ఇవ్వాలని 2016 జనవరి నుండి బీమా కంపెనీలకు ఆదేశం వున్నది. టొరంటోలో పిల్లలున్న తల్లిదండ్రులు ఈ తగ్గింపును అడిగి తీసుకున్నారో లేదో ఒకసారి కనుక్కోవడం మంచిది. జర్మనీలో తేదీల గడువు లేదు గాని, రోడ్డుమీద మంచు, జారుడు వున్నప్పుడు చలికాలపు టైర్లు లేకుండా నడిపితే 60 యూరోల నుండి జరిమానా పడుతుంది.

రబ్బరులో వున్నది మర్మం

"గాడి లోతుగా వుంటే చాలదా? మన లారీ టైర్లకు వుండదా?" అని మన పెద్దమనిషి అడిగారు. సగం నిజమే. మిగతా సగం రబ్బరులో వున్నది.

వేసవి టైరు రబ్బరు మన ఎండలకు నిలిచేటట్లు గట్టిగా చేస్తారు. చలి ముదిరి ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్ దాటి కిందకు దిగితే ఆ రబ్బరు క్రమంగా బిగుసుకుంటుంది. బిగుసుకున్న రబ్బరు రోడ్డులోని చిన్న ఎత్తుపల్లాలను కరిచి పట్టుకోలేదు. మాంట్రియల్‌లో జనవరి రాత్రులు సున్నాకు పది, పదిహేను డిగ్రీలు దిగువన వుండడం మామూలు. అప్పుడు గాడి ఎంత లోతుగా వున్నా ఆ టైరు పట్టు అంతంత మాత్రమే.

చలికాలపు టైరుకు వేసే మిశ్రమం వేరు. అందులో సహజ రబ్బరు పాలు సాధారణంగా ఎక్కువ. దానికి తోడు సిలికా పొడి కలుపుతారు. ఈ మిశ్రమం గడ్డకట్టే చలిలో కూడా మెత్తగా వుంటుంది. పైగా టైరు ముఖం మీద కత్తితో గీసినట్లు సన్నని చీలికలు వందల సంఖ్యలో వుంటాయి. మంచు మీద కదిలేటప్పుడు ఈ చీలికల అంచులు తెరుచుకుని మంచును పట్టుకుంటాయి. ఫిన్లాండు దేశపు రబ్బరు కంపెనీ, నేటి నోకియన్, 1934లో లారీలకు, 1936లో కార్లకు ఇటువంటి టైర్లను తొలిసారిగా బజారులోకి తెచ్చింది. కనుక ఇది నిన్న మొన్నటి అమ్మకపు ఎత్తుగడ కాదు, తొంభై ఏళ్ళ సరుకు.

అదే మెత్తదనం వేసవిలో దోషం. ఎండలో ఈ టైరు తొందరగా అరిగిపోతుంది. అందుకే రెండు జతలు.

రెండు జతలంటే ఖర్చు రెండింతలు అని భయపడవలసిన పని లేదు. రెండు జతల ఎడ్లు వున్న రైతుకు ఏ జతా తొందరగా డస్సిపోదు కదా! చలికాలపు జత పనిచేసే నాలుగైదు నెలలూ వేసవి జత విశ్రాంతి తీసుకుంటుంది. కాబట్టి టైర్ల అరుగుదల ఖర్చు పెద్దగా పెరగదు. పెరిగేది చేతి నుండి ముందుగా పోయే రొక్కం, మార్పిడి కూలి, రిమ్ముల ధర. లెక్క తేల్చవలసింది వీటి దగ్గరే.

గ్రేడు గుర్తు చూడండి

మిర్చిలో తేజకు, తాలుకు తేడా తెలియకుండా బేరానికి కూర్చునేవారు వుండరు. టైర్లకూ అంతే. టైరు పక్క గోడ మీద రెండు రకాల గుర్తులు కనిపిస్తాయి. ఒకటి "ఎం ప్లస్ ఎస్" అనే అక్షరాలు. బురదకు, మంచుకు పనికివస్తుందని దీని అర్థం. అయితే గాడి ఆకృతిని బట్టి తయారీదారే వేసుకునే గుర్తు ఇది. దీనికి పరీక్ష లేదు. రెండవది మూడు శిఖరాల కొండ, దాని మధ్య ఒక మంచు రేకు బొమ్మ. ఈ గుర్తు 1999లో వచ్చింది. మంచు మీద పట్టును ఒక ప్రామాణిక టైరుతో పోల్చి పరీక్షించాక, నిర్ణీత స్థాయి దాటిన సరుకుకే ఈ బొమ్మ వేస్తారు.

క్విబెక్‌లో 2014 డిసెంబరు నుండి ఈ కొండ బొమ్మ వున్న టైర్లు, లేదా మేకుల టైర్లే చెల్లుతాయి. జర్మనీలో 2024 అక్టోబరు నుండి వట్టి "ఎం ప్లస్ ఎస్" సరుకు చెల్లదు. చవక ధరకు వస్తున్నదని అక్షరాల టైర్లు కొంటే అది యార్డు గేటు దగ్గరే తిరగగొట్టే సరుకు కొన్నట్లే.

ఒక హెచ్చరిక: కొండ బొమ్మ కనీస అర్హత మాత్రమే. అది ప్రధానంగా మంచు పొర మీద పట్టుకు సంబంధించినది. గాజులా గట్టిపడిన ఐసు మీద పట్టుకు హామీ కాదు. ఒకే బొమ్మ వున్న రెండు టైర్ల మధ్య కూడా నాణ్యతలో తేడా వుంటుంది. అక్కడి మోటారు పత్రికలు, వినియోగదారుల సంఘాలు ఏటా పరీక్షలు చేసి ఫలితాలు ప్రకటిస్తాయి. పేరున్న కంపెనీల రెండవ శ్రేణి టైర్లు ధరకు తగిన పనితనం చూపడం మామూలే. బొత్తిగా పేరు తెలియని చవక సరుకు తీసుకునే ముందు ఆ ఫలితాలు చూడాలి.

సైజు తగ్గితే ధర తగ్గుతుంది

టైరు మీద 205/55 ఆర్ 16 అని వుంటే, వెడల్పు 205 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 55 శాతం, రిమ్ము 16 అంగుళాలు అని అర్థం. 2014 నుండి 2019 వరకు వచ్చిన కొరొల్లా కార్లలో రకాన్ని బట్టి 15, 16, 17 అంగుళాల రిమ్ములు వేశారు. మూడింటి మొత్తం ఎత్తు లెక్కవేస్తే ఇలా వస్తుంది:

195/65 ఆర్ 15 — 634.5 మి.మీ.
205/55 ఆర్ 16 — 631.9 మి.మీ.
215/45 ఆర్ 17 — 625.3 మి.మీ.

మొదటిదానికి, చివరిదానికి తేడా ఒకటిన్నర శాతం లోపే. అంటే రిమ్ము చిన్నదైనా, టైరు గోడ ఎత్తు పెరిగి మొత్తం చక్రం ఇంచుమించు అంతే వుంటుంది. వేగం చూపే ముల్లు తప్పదు. చిన్న రిమ్ము టైర్లు సాధారణంగా చవక. పైగా మంచులో సన్నటి టైరు నేలను గట్టిగా నొక్కుతుంది. ఎత్తు గోడ వున్నందువల్ల మంచుకింద దాగిన గోతుల దెబ్బకు రిమ్ము వంగదు. చవకైనదే మేలైనది కావడం బజారులో అరుదు. ఇక్కడ ఆ అరుదైన సంగతి జరుగుతున్నది.

అయితే చిన్న రిమ్ము బ్రేకు భాగాలకు తగలకూడదు. తలుపు స్తంభం మీద అంటించిన చీటీలోను, కారు పుస్తకంలోను ఆ కారుకు ఏయే సైజులు చెల్లుతాయో వుంటుంది. ఆ జాబితా దాటి వెళ్ళరాదు. బరువు అంకె కూడా చూడాలి. 91 అని వుంటే ఒక టైరు 615 కిలోలు మోస్తుంది. అసలు టైరుకు వున్న బరువు అంకెకు తగ్గినది తీసుకోకూడదు. వేగపు అక్షరంలో చలికాలపు టైరు ఒక మెట్టు తక్కువ వుండవచ్చు. టి అంటే గంటకు 190 కిలోమీటర్లు. మంచులో ఆ వేగం ఎవరికి కావాలి?

రిమ్ము పాతది, టైరు కొత్తది

ఇప్పుడు అసలు బేరం. టైర్లు మాత్రమే కొని ఏటా రెండుసార్లు ఉన్న రిమ్ముల మీదనే విప్పి ఎక్కించడం ఒక పద్ధతి. చలికాలపు టైర్లకు విడిగా స్టీలు రిమ్ములు కొని, చక్రానికి చక్రమే మార్చడం రెండవ పద్ధతి. రెండవదానిలో ముందు ఖర్చు ఎక్కువ, మార్పిడి కూలి తక్కువ.

మన పెద్దమనిషి కోసం ఒక లెక్క వేశాం. ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలు, బజారు ధారణ కాదు. టైరు 130 డాలర్లు, కొత్త స్టీలు రిమ్ము 75, పాత రిమ్ము 30. రిమ్ము మీద టైరు విప్పి ఎక్కించి బ్యాలెన్సు చేసే కూలి ఒక విడతకు 100, సిద్ధంగా వున్న చక్రాలు మార్చే కూలి 50, కొత్త జత రిమ్ములకు తొలిసారి టైర్లు ఎక్కించే కూలి 60. క్విబెక్‌లో వీటి మీద 15 శాతానికి కాస్త తక్కువగా పన్నులు, పాత టైర్ల పునర్వినియోగానికి చిన్న రుసుము పడతాయి. పోలిక సులువుగా వుండేందుకు వాటిని పక్కన పెడదాం.

టైర్లు మాత్రమే కొంటే: టైర్లకు 520, ఆపైన ఏటా 200. రెండు చలికాలాలకు 920, నాలుగింటికి 1,320.

కొత్త రిమ్ములతో: టైర్లు, రిమ్ములు, ఎక్కింపు కలిపి 880, ఆపైన ఏటా 100. రెండు చలికాలాలకు 1,080, నాలుగింటికి 1,280.

పాత రిమ్ములతో: టైర్లు, రిమ్ములు, ఎక్కింపు కలిపి 700, ఆపైన ఏటా 100. రెండు చలికాలాలకు 900, నాలుగింటికి 1,100.

కొత్త రిమ్ములు పెట్టుబడి తిరిగి రాబట్టాలంటే నాలుగో చలికాలం దాకా ఆగాలి. పాత రిమ్ములైతే రెండో చలికాలంలోనే గిట్టుబాటు అవుతాయి. కనుక సూత్రం ఇది: డబ్బు తక్కువ వున్నవారు రిమ్ములు పాతవి కొనాలి, టైర్లు కొత్తవి కొనాలి. ఉక్కుకు వయసు దోషం తక్కువ, రబ్బరుకు ఎక్కువ. చాలామంది దీనిని తిరగేసి, మెరిసే అల్లాయ్ రిమ్ములకు సొమ్ము పోసి, వాటి మీద అరిగిన టైర్లు వేసుకుంటారు. కోల్డ్ స్టోరేజీ గోడలకు రంగు వేయించి లోపల తడిసిన సరుకు పెట్టినట్లు!

పాత రిమ్ము కొనేటప్పుడు నాలుగు కొలతలు కలవాలి. రిమ్ము వ్యాసం ఒకటి. నట్ల రంధ్రాల వృత్తం రెండవది; పైన చెప్పిన కొరొల్లాకు ఐదు రంధ్రాలు, 100 మి.మీ. వృత్తం. నడిమి రంధ్రం మూడవది. ఆ కారుకు 54.1 మి.మీ. రిమ్ము లోపలికి, బయటికి ఎంత జరిగి వుండాలనే ఆఫ్‌సెట్ అంకె నాలుగవది. నడిమి రంధ్రం పెద్దదైతే సరిపెట్టే వలయాలు దొరుకుతాయి, చిన్నదైతే ఎక్కదు. అల్లాయ్ రిమ్ముల నట్లు స్టీలు రిమ్ములకు సరిగా కూర్చోకపోవచ్చు. నట్టు ఆనే చోటి ఆకారం కలవాలి. రిమ్మును నేలమీద దొర్లించి వంకర వున్నదేమో, టైరు ఆనే అంచున తుప్పు పొరలు లేచినవేమో చూడాలి. తుప్పు వుంటే గాలి నిలవదు.

టైరులో గాలి తగ్గితే హెచ్చరించే పరికరం కొన్ని కార్ల చక్రాలలో వుంటుంది. అమెరికాలో 2007 సెప్టెంబరు నుండి కొత్త కార్లకు ఇది తప్పనిసరి. కెనడాలో అటువంటి నిర్బంధం లేదు. రెండో జత చక్రాలకు అవి పెట్టకపోతే డాష్‌బోర్డు మీద ఒక దీపం వెలుగుతూ వుంటుంది. ఆ ఖర్చు మానుకుంటే గాలి కొలిచే చిన్న గేజి కొని వారం వారం చూసుకోవాలి. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు పడిపోతే టైరులో గాలి ఒత్తిడి అయిదు పౌండ్ల వరకు తగ్గుతుంది. అక్టోబరులో కొట్టించిన గాలి జనవరికి చాలదు.

పాత టైర్లు కొనవచ్చునా?

కొనవచ్చు, సరుకు చూడడం తెలిస్తే. లారీ డ్రైవర్లు బటన్ అని పిలిచే గాడి లోతు మొదట చూడాలి. చట్టం 1.6 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటుంది. కాని మంచులో 4 మిల్లీమీటర్ల దగ్గరకు అరిగిన టైరు పనికి రాదని కెనడా రవాణా శాఖ హెచ్చరిక. కొత్తదానిలో 8, 9 మిల్లీమీటర్లు వుంటుంది. కనుక 5 మిల్లీమీటర్లు మిగిలిన టైరును సగం ధరకు ఇస్తామంటే అది సగం సరుకు కాదు. నాలుగింట ఒకటవ వంతు సరుకు అని గ్రహించాలి.

తరువాత వయసు. డీ.ఓ.టీ. అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు వుంటాయి. 3521 అంటే 2021లో 35వ వారంలో తయారైనదని. ఐదారేళ్ళు దాటిన చలికాలపు టైరు గాడి నిండుగా వున్నా రబ్బరు గట్టిపడి వుంటుంది. గోటితో నొక్కితే తెలుస్తుంది. నాలుగింటి తేదీలూ వేర్వేరుగా వుంటే అది ఏరుకొచ్చిన సరుకు. పక్క గోడ మీద ఉబ్బు, లోపలి వైపు అతుకు వుంటే ధర ఎంత తగ్గించినా వద్దనాలి.

రెండు చాలవా?

"ఆ కారు ముందు చక్రాలతో నడిచేది. ముందు రెండింటికి వేసుకుంటే సగం ఖర్చుతో పోతుంది గదా" అని మన పెద్దమనిషి ఒక బేరం పెట్టారు. ఇది చాలామందికి తట్టే ఆలోచనే. ఇదే ప్రాణం తీసే ఆలోచన కూడా.

ముందు చక్రాలకు పట్టు వుండి వెనుక చక్రాలకు లేకపోతే కారు బయలుదేరడం సులువుగానే బయలుదేరుతుంది. ఆ సులువే మోసం. మలుపులో బ్రేకు వేసినప్పుడు ముందు భాగం ఆగుతుంది, వెనుక భాగం ఆగదు. అది పక్కకు తిరిగి, కారు బొంగరమై ఎదుటి వాహనాల వరుసలోకి పోతుంది. నాలుగూ వేసవి టైర్లున్న కారు కనీసం కదలడానికే మొరాయించి యజమానిని హెచ్చరిస్తుంది. రెండు వేసిన కారు ఆ హెచ్చరిక కూడా ఇవ్వదు. కనుక నాలుగూ ఒకే రకం, ఒకే సైజు వుండాలి. చట్టం ప్రకారమూ నాలుగూ వుండాలి. తగ్గించుకోవలసిన చోటు ఇది కాదు.

అన్ని కాలాల టైరు సంగతి

పదేళ్ళుగా మరొక రకం బాగా చెలామణిలోకి వచ్చింది. కొండ బొమ్మ వుండి, ఏడాది పొడవునా వాడుకోదగిన "ఆల్ వెదర్" టైర్లు. మిషెలిన్ కంపెనీ 2015లో యూరపులో తెచ్చిన క్రాస్ క్లైమేట్ ఈ కోవలోనిదే. "ఆల్ సీజన్" అనే పాత రకంతో దీనిని కలపకూడదు. అందులో చాలావాటికి కొండ బొమ్మ వుండదు.

టైరు 160 చొప్పున అనుకుంటే నాలుగింటికి 640, ఎక్కింపు కూలి 100, మొత్తం 740. మార్పిడి కూలి లేదు, వేసవి జతను దాచుకునే బాధ లేదు. మాంట్రియల్‌లో అపార్టుమెంటులో వుండే విద్యార్థికి నాలుగు చక్రాలు పెట్టుకునే చోటు వుండదు; గ్యారేజీలో దాస్తే సీజనుకింతని అద్దె. మన కోల్డ్ స్టోరేజీ లెక్కే. ఆ అద్దె కూడా కలిపితే రెండేళ్ళకు అన్నింటికన్నా చవక ఈ టైరే.

అయితే ఇది రెండు పడవల మీద కాలు. గట్టి ఐసు మీద అసలైన చలికాలపు టైరుకు సాటి రాదు. వేసవిలోనూ అరుగుతుంది గనుక రెండో చలికాలానికి గాడి తగ్గిపోతుంది. తక్కువ తిరిగేవారికి, ఊళ్ళోనే పగటిపూట నడిపేవారికి, ఉన్న వేసవి టైర్లు ఎలాగూ మార్చవలసి వచ్చినవారికి ఇది మంచి బేరం. రాత్రి పూట, హైవే మీద నడిపేవారికి కాదు.

కొనుగోలుకు అదను

ఈ సరుకుకు సీజను స్పష్టంగా వున్నది. తయారీదారులు వసంతంలోను, వేసవిలోను ఉత్పత్తి చేసి ఆకురాలే కాలానికి షాపులకు చేరుస్తారు. అక్టోబరు నుండి గిరాకీ మొదలై, తొలి మంచు పడిన రోజున ఒక్కసారి తేజీ అందుకుంటుంది. క్విబెక్‌లో డిసెంబరు 1 గడువు వున్నందువల్ల నవంబరులో టైర్ల షాపులలో వరుస దొరకదు. చవక సైజులు ముందే అయిపోతాయి. అదను చూసేవారు సెప్టెంబరులోనే సరుకు ఖాయం చేసుకుంటారు. మార్చి, ఏప్రిల్ నెలల్లో మిగిలిన నిల్వలు తగ్గింపు ధరకు వదిలించుకునే షాపులు వుంటాయి. చదువు ముగించి వెళ్ళేవారు తమ చక్రాలను అమ్ముకునేదీ అప్పుడే. మన వాళ్ళ పిల్లలు ఒకరి తరువాత ఒకరు ఆ ఊళ్ళకు వెళుతున్నందున సీనియర్ల దగ్గర నుండి రిమ్ములు చేతులు మారడం మంచి ఏర్పాటు.

మనకు సంబంధం ఏమిటి?

ముడిసరుకు వైపు చూస్తే ఈ చలి మన బజారుకు అంత దూరం కాదు. సహజ రబ్బరులో థాయిలాండుదే ప్రపంచంలో మొదటి స్థానం. మన దేశంలో కొట్టాయం ధారణే ప్రమాణం. ఆర్.ఎస్.ఎస్. 4 రకం 2011 ఏప్రిల్‌లో కిలో 240 రూపాయల ప్రాంతానికి చేరింది. ఆ రికార్డును 2024 ఆగస్టులో దాటింది. రబ్బరు చెట్టుకూ ఒక చలికాలం వున్నది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు రాల్చి పాలు తగ్గిస్తుంది. టైర్ల కంపెనీలు ఉత్పత్తి పెంచే సమయమూ దానికి దగ్గరలోనే వస్తుంది. మన రాష్ట్రంలో మారేడుమిల్లి, రంపచోడవరం ప్రాంతాల గిరిజన రైతుల వద్ద కొద్ది విస్తీర్ణంలో రబ్బరు తోటలు వున్నవి.

సిలికా సంగతి మన రైసు మిల్లర్లు గమనించవలసినది. టైరుకు వాడే సిలికాను ఇసుక నుండి తీయడం మామూలు పద్ధతి. ఊక బూడిద నుండి తీసిన సిలికాను కూడా గుడ్‌ఇయర్ వంటి కంపెనీలు వాడుతున్నవి. బాయిలరు దగ్గర గుట్ట పోసే ఊక బూడిద మంచు దేశపు టైరులో చేరే రోజులివి. ఇక టైర్ల తయారీలో, అపోలో కంపెనీ 2009లో నెదర్లాండ్స్‌కు చెందిన వ్రెడెస్టీన్‌ను కొన్నది. చలికాలపు టైర్లు ఆ పేరు మీద అమ్ముడవుతున్నవి. అదే కంపెనీ 2020లో తిరుపతి దగ్గర చినపాండూరులో కర్మాగారం ప్రారంభించింది.

చివరి లెక్క

ఈ వివరాలన్నీ కాగితం మీద పెట్టి చూపిస్తే మన పెద్దమనిషి కళ్ళజోడు సవరించుకుని వరుసగా చదివారు. 740 దగ్గర వేలు ఆపారు. ఖాతా ప్రకారం చవక అదే.

"అమ్మాయి డ్యూటీ ఎన్నింటికి అవుతుంది?" అని అడిగాం.

"రాత్రి పదకొండుకు. ఆ తరువాత అరగంట హైవే" అన్నారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వేలు 740 నుండి 900కు జరిగింది.

ఆ సాయంత్రమే ఫోను చేశారు. పాత స్టీలు రిమ్ములు, 15 అంగుళాలు, కొత్త టైర్లు నాలుగూ. తయారీ వారం చూసి తీసుకోమన్నారు. బిగించిన తరువాత 50 కిలోమీటర్లు తిరిగి నట్లు మళ్ళీ ఒకసారి సరిచూడమన్నారు. చదువు ముగిసినప్పుడు చక్రాలు అమ్మితే ఎంత వస్తుందో కూడా ఇప్పుడే అడిగి పెట్టుకోమన్నారు. వర్తకుడు వర్తకుడే.

నాలుగు లెక్కలలో చవకలో రెండవదానిని ఆయన ఎంచుకున్నారు. చవకకు, ఎంచుకున్నదానికి తేడా 160 డాలర్లు. ఆ పద్దును ఏ ఖాతాలో రాశారని అడిగితే, "బీమా" అన్నారు.